నీలి వలలో మందు

మన ఒంట్లో ఒక ఎంజైము ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు దాన్ని పట్టుకుని ఇంకో రకం పదార్థంగా మారుస్తుంది. ఆ పదార్థం కళ్ళలో, నరాల్లో పేరుకుని చెరుపు చేస్తుంది. ఆ ఎంజైముకు నడిమధ్య చిన్న గుంట ఉంటుంది, పనంతా అందులోనే. ఆ గుంటకు అడ్డంపడే మందు నిజంగా అందులో కూర్చుందో లేదో స్ఫటికంలో చూడటం నా ఉద్యోగం.

బెంగళూరులో యలహంక దగ్గర ఒక ఇంట్లో మేడమీద అద్దెకుండేదాన్ని. కింద ఉండే ఓనరు అవ్వ పుట్టిల్లు దొడ్డబళ్ళాపురంలో నేతవాళ్ళ ఇల్లు. ఏళ్ళ తరబడి షుగరు. ఎడమ కంటి వెనక పొర వాచింది, కంట్లో ఇంజెక్షన్లు వేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. కంట్లోకి సూదా అని అవ్వ హడలిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా పటం వచ్చింది. ప్రొటీను స్ఫటికాన్ని మందులో నానబెట్టి ఎక్స్‌రేలు పంపితే, లెక్కలన్నీ అయ్యాక కంప్యూటరు తెరమీద నీలి వల ఒకటి కనిపిస్తుంది. అణువులు ఉన్నచోట వల ఉబ్బుగా ఉంటుంది. గుంట దగ్గర నా వల ఉబ్బింది. మందు అణువు తల అందులో అమరింది, తోక ఉండాల్సిన చోట మాత్రం వల ఉబ్బలేదు. ఎంత గట్టి ఆనవాలైతే చూపించాలో మేమే ఒక హద్దు పెడతాం. ఆ హద్దు దించితే బలహీనమైనవీ బయటపడతాయి. కాస్త దించాను. ఇంకాస్త దించాను. తోక కనబడింది. అంత కిందికి దిగితే చెత్త కూడా ఆకారం కట్టుకుని వస్తుందని నాకు తెలియక కాదు. కనబడాలని అంత ఆశ.

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ల్యాబంతా మైసూర్‌పాక్ పంచి, మిగిలింది ఇంటికి తెచ్చాను. షుగరున్న మనిషికి మైసూర్‌పాక్ పట్టుకెళ్ళిన తెలివి నాది. అవ్వ చిటికెడు తుంచుకుంది. ల్యాప్‌టాప్ తెరిచి, షుగరువల్ల కళ్ళు పోకుండా ఆపే మందు ఇదేనని చూపించాను. 'కావచ్చు', 'ఇంకా చాలా ఏళ్ళు' అనే మాటలు మింగేశాను. పైకి వెళ్తుంటే అవ్వ చెల్లెలికి ఫోన్ చేసి, మేడమీది పాప షుగరుకు మందు కనిపెట్టిందని చెప్పడం వినబడింది. సరిదిద్దబుద్ధి కాలేదు. వినడానికి బాగుంది.

తర్వాత మా గైడు నా పటం చూసి, వలలో నేను అమర్చిన మందు బొమ్మను తీసేసి మళ్ళీ లెక్క కట్టమన్నారు. నేనే ముందుగా చేయాల్సిన పని అది. చేశాను. తోక మాయమైంది. తల దగ్గరి ఉబ్బు సిట్రేట్‌ది. స్ఫటికం పెరగడానికి నా చేతులతో నేనే కలిపింది, వంటింట్లో పులుపుకు వేసే నిమ్మ ఉప్పుకు దగ్గరి చుట్టం. మళ్ళీ నానబెట్టమని మాత్రం అన్నారు గైడు. తిట్టినా బాగుండేది. తల కొట్టేసినట్టయింది.

కొన్నాళ్ళు అవ్వ కంటబడకుండా మెట్లెక్కాను. చివరికి ఆవిడే ఆపింది.

"ఏం పాపా, మొగం అట్లుండాది?"

అది మందు కాదని, నేనే తప్పు చూశానని చెప్పాను. అవ్వ నా వీపు నిమిరింది.

"పోనీలే తల్లీ, మళ్ళా చేస్తావు. ఆ కంటి సూది నువ్వు మందు చూపించిన నాడే వద్దనుకుంటిని. నీ మందు వచ్చేదాకా ఆగుతాను."

ఆస్పత్రికి పోవడం ఆమె మానేసిందని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ మందుమీద రాయాలనుకున్న పేపరు పోయిందని ఏడ్చాను తప్ప, ఆమె కన్ను ఎలా ఉందని ఒక్కసారి అడగలేదు. మందు నిజంగా గుంటలో కూర్చున్నా అది ఆమె కంటిదాకా రాదని, బహుశా ఎవరి కంటిదాకా రాకపోవచ్చని, ఆ రోజు దాచిన మాటలన్నీ చెప్పేశాను. అవ్వ కొంగుతో ఎడమ కన్ను తుడుచుకుంది. ఆ తర్వాత, అట్లయితే రేపు తోడు వస్తావా అని అడిగింది.

మర్నాడు ఆటోలో తీసుకెళ్ళాను. డాక్టరమ్మ తెలుగామె. వాపు పెరిగిందని, ఇప్పుడు ఇంజెక్షన్ వేసినా తగ్గిన చూపు పూర్తిగా తిరిగి వస్తుందని చెప్పలేనని అంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని కాస్త కోపంగానే అడిగింది. నేను నేల చూపులు చూస్తున్నాను.

"చెల్లెలికి బాగలేకుంటే ఊరికి పోయింటినమ్మా," అంది అవ్వ. "ఈ పాప గట్టిగా చెప్పకపోయుంటే ఇప్పుడు కూడా వచ్చేదాన్ని కాదు."

డాక్టరమ్మ నావైపు తిరిగి, మంచి పని చేశావమ్మా అంది. నేను తలూపాను.