అల్లుడు ఆశ్రమంలో కలిశాడట

నేను దర్జీని. భద్రాచలం నుంచి రాష్ట్రం సరిహద్దు దాటితే వచ్చే ఎర్రబోరులో రోడ్డు పక్కనే నా మిషను. ఏళ్ళ తరబడి చేస్తున్న పని కాబట్టి, మనిషి గడప దాటి లోపలికి వస్తుండగానే ఛాతీ ఎంతో చెప్పేస్తానని నాకో పొగరు ఉండేది. ఆ రోజు ఒక రైతు చొక్కా కొలతలివ్వడానికి వచ్చాడు. భుజం కొలిచి, రాసుకుందామని పెన్సిలు తీసేసరికి ఎంతో గుర్తులేదు. మళ్ళీ కొలిచాను. మళ్ళీ మరిచాను. మూడోసారి టేపు పెడితే ఆయన నవ్వి, "ఏంది దర్జీ, నేనేమన్న గంట గంటకు పెరుగుతున్ననా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. రేపు రమ్మని ఆయన్ని పంపేసి, మిషను మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

అంతకు వారం ముందే జగర్గుండా వెళ్ళి వచ్చాను. దానికీ దీనికీ సంబంధం ఉందని అప్పుడు తోచలేదు.

మా సొంతూరు జగర్గుండా. అక్కడి పాత సంత చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకు ఎంత చెప్పినా తక్కువే. ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయలు గంపల్లో దిగేవి. ఉప్పు బస్తాల పక్కన గాజులు, గాజుల పక్కన కోడిపుంజులు, వాటి మధ్యలో మా నాన్న కుట్టు మిషను. పొద్దున బట్ట ఇచ్చినవాళ్ళు పొద్దు వాలేలోపు కొత్త చొక్కా తొడుక్కుని ఊరికి నడిచేవాళ్ళు. నాన్న కొలతలు తెలుగులో అడిగేవాడు, బేరం హల్బీలో ఆడేవాడు, తిట్టాల్సి వస్తే గోండీలోకి దిగేవాడు. గోండీలో తిడితే ఎవరికీ కోపం రాదని ఆయన నమ్మకం. తరువాత అడవిలో తుపాకుల గొడవల కాలం వచ్చింది. రోడ్డు మూతపడింది, సంత పోయింది. మిషను జీపులో వేసుకుని ఎర్రబోరు వచ్చేశాం. నాన్న ఇక్కడే పోయాడు. అప్పుడు కూడా నేను తట్టుకున్నాను.

మళ్ళీ రోడ్డు వేసి తెరిచాక సంబరంగా వెళ్ళాను. తారు రోడ్డుంది, బస్సుంది, దుకాణాలున్నాయి. కానీ నాన్న మిషను వేసిన చోటు ఎక్కడో నాకే తెలియలేదు. రెండు గంటలు తిరిగాను. అడుగుదామంటే తెలిసిన ముఖం ఒక్కటి కనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. వారానికి ఆ కొలతలు మరిచిన రోజు వచ్చింది, ఆ తరువాత సరిగ్గా లేచి తిరగడానికి ఆరు నెలలు పట్టింది.

నిద్ర పట్టేది కాదు, పట్టినా తెల్లారకముందే మెలకువ. తిండి సహించేది కాదు. ఒళ్ళంతా తడిసిన దుప్పటిలా బరువు. నా భార్య సమ్మక్క మొదట బతిమాలింది, తరువాత కోప్పడింది, ఆ తరువాత నన్ను భద్రాచలం తీసుకెళ్ళింది. షుగరు, థైరాయిడ్, ఈసీజీ, కడుపులోకి గొట్టం వేసి ఎండోస్కోపీ, అన్నీ చేశారు. "అన్నీ నార్మల్. రెస్ట్ తీసుకో" అన్నారు. మంచం దిగనివాడికి రెస్ట్ రాసిచ్చారు. దగ్గరివాళ్ళు గాలి సోకిందన్నారు, దూరపువాళ్ళు ఒళ్ళు బద్ధకమన్నారు. ఆ రెండో మాట నేనూ నమ్మాను.

దంతెవాడలో నా బావమరిది సర్కారీ ఆఫీసులో గుమాస్తా. అతను ఫోనులో, "బావను ఇటు తోలుక రా అక్కా, ఈడ పెద్ద దవాఖానల మనసు డాక్టరున్నడు" అన్నాడు. ఆ డాక్టరు చిన్న వయసువాడు. హిందీలో ఓపిగ్గా అడిగాడు. పనిలో మనసు నిలుస్తుందా, నవ్వి ఎన్నాళ్ళయింది, తప్పంతా నీదే అనిపిస్తుందా. చివర్లో గొంతు మార్చకుండానే, "మర్నే కా ఖయాల్ ఆతా హై?" అన్నాడు. చచ్చిపోవాలనిపిస్తుందా అని.

"వస్తుంది" అన్నాను.

సమ్మక్క ఆ మాట వినడం అదే మొదలు. నా చెయ్యి పట్టుకుంది, బస్సు ఎక్కేదాకా వదల్లేదు. డాక్టరు ఆమెతో, "ఇది సోమరితనం కాదు, డిప్రెషన్. బీమారీ. ఒంటరిగా వదలొద్దు. ఖయాల్ గట్టిగా వస్తే ఆగకుండా తీసుకురండి" అన్నాడు. టాబ్లెట్లు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుందని, అంతవరకు ఆపొద్దని మరీమరీ చెప్పాడు. ఆ రోజు నుంచి సమ్మక్క బియ్యం చెరిగినా, చింతపండు గింజ తీసినా, నా గది గుమ్మంలోనే కూర్చునేది.

మూడో వారంలో నిద్ర దొరికింది. తరువాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు, "మందు నిన్ను మంచం మీద కూర్చోబెట్టింది. ఇక ఒళ్ళు కదిలించాలి. మీ ఊళ్ళో యోగా నేర్పేవాళ్ళున్నారా?" అన్నాడు.

ఉన్నారు. మా దగ్గర పిల్లలు ఉండి చదువుకునే సర్కారు బడిని ఆశ్రమం అంటాం, పంతులును గురూజీ అంటాం. ఆశ్రమంలో ఒక గురూజీ ఉన్నాడు, దోర్లా తెగ మనిషి, ఆటలు నేర్పుతాడు. పొద్దున్నే మైదానంలో పిల్లలతో యోగా చేయిస్తాడు. సమ్మక్క నన్ను అక్కడ దిగబెట్టింది. నేను తెలివిగా శవాసనంతో మొదలుపెడదామన్నాను.

"నీకది అక్కర్లే. ఆర్నెల్ల సంది అదే ఏస్తున్నవ్" అన్నాడు గురూజీ. "నువ్వు నిలబడు, చాలు."

మొదటి పది రోజులు తాడాసనమే. నిటారుగా నిలబడి చేతులు పైకెత్తడం. మిషను మీద వంగి వంగి ముడుచుకుపోయిన ఛాతీ విచ్చుకుంటుంటే నొప్పిగానూ ఉండేది, హాయిగానూ ఉండేది. కష్టమంతా కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకోమన్నప్పుడే. రెప్ప వాలిస్తే చాలు, జగర్గుండా సంత వచ్చి ముందు కూర్చునేది. నాన్న దగ్గు, మిషను చప్పుడు, నానిన చింతపండు వాసన. కళ్ళల్లో నీళ్ళు కారిపోయేవి. గురూజీ చూసి, "మూసుకోమని ఎవరన్నరు? తెరిచే చెయ్యి. ఆ గోడ చూడు, ఊపిరి లెక్కపెట్టు" అన్నాడు. గోడ మీద ఎక్కాలు రాసున్నాయి. రెండో ఎక్కం చూస్తూ ఊపిరి పీల్చాను, మూడో ఎక్కం చూస్తూ వదిలాను. నాకు పనికొచ్చిన ప్రాణాయామం అదే. పల్చటి ఎండ, వంటింటి పొగ, వరస తప్పి నవ్వే పిల్లలు. జబ్బు రోజులే అయినా ఆ పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ తీపిగానే ఉంటుంది.

అంతలో ఒక ముచ్చట జరిగింది. మా అత్తగారిది భద్రాచలం అవతల పల్లె. సమ్మక్క సంతోషం పట్టలేక ఆమెకు ఫోన్ చేసి, "రోజూ పొద్దుగాల ఆశ్రమానికి పోతున్నడమ్మా. గురూజీ ఎట్ల జెప్తే అట్ల ఇంటున్నడు. కారం గూడ తగ్గించిండు" అంది. మూడో రోజు అత్తగారు తమ్ముణ్ణి వెంటేసుకుని బస్సు దిగింది. ఇంట్లోకి కూడా రాకుండా తిన్నగా మైదానానికే వచ్చింది.

"ఏంది కొడుకా ఇది? నా బిడ్డ ఏం తప్పు జేసిందని సన్నాసుల్ల కలిసినవ్?"

నేను ఒంటికాలి మీద చేతులు జోడించి వృక్షాసనంలో ఉన్నాను. ఆమె అనుమానానికి సాక్ష్యం సరిగ్గా సరిపోయింది. ఆవిడ తమ్ముడు గురూజీ కోసం వెతికాడు. గడ్డం లేదు, కాషాయం లేదు, మెళ్ళో విజిల్ వేసుకున్న కుర్రగురూజీ నీళ్ళ చెంబు అందిస్తూ, "కూసో అమ్మా, పిలగాండ్లకు ఉప్మా అయితాంది, తిని పోదువు" అన్నాడు. ఆశ్రమమంటే బడి అని తెలియడానికి ఆవిడకు రెండు నిమిషాలు పట్టింది. తూలి కింద కూర్చుని నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. నన్ను దిగబెట్టి అక్కడే కూర్చున్న సమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్విందో ఏడ్చిందో చెప్పలేను.

నవ్వొచ్చింది కాబట్టి జబ్బు పోయిందనుకున్నాను. యోగా ఉండగా టాబ్లెట్లెందుకని ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళున్నారు, నేను ఏటి నడిమధ్యలోనే తగలేశాను. నెల తిరక్కుండా మళ్ళీ మంచం, ఈసారి చావు తలపు ఇంకా దగ్గరగా వచ్చింది. ఒకటే తేడా, ఈసారి ఆ మాట నా నోటితో నేనే సమ్మక్కకు చెప్పాను. ఆమె తలుపు గొళ్ళెం పెట్టి, వచ్చిన మొదటి బస్సులో దంతెవాడ తీసుకెళ్ళింది. డాక్టరు తిట్టలేదు. "యోగా టాబ్లెట్‌కు తోడు, బదులు కాదు. ఎప్పుడు తగ్గించాలో నేను చెప్తాను" అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టడం మొదటిసారికన్నా కష్టమైంది. రాలేనని సమ్మక్కతో కబురు పంపాను. గురూజీ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "రాలేనని ఆమెతోని చెప్పిస్తే నడవదు. నువ్వే వచ్చి చెప్పాలె. చెప్పి పో" అన్నాడు. మర్నాడు అది చెప్పడానికే వెళ్ళాను. చెప్పాను. "సరే, కూసో" అన్నాడు. మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేశాను. రెండో రోజూ అంతే. నాలుగో రోజు, ఇంత దూరం నడిచి వచ్చాక నిలబడటానికేం అనిపించింది. నిలబడ్డాను.

ఏడాది దాటింది. టాబ్లెట్ సగానికి తగ్గింది. కొలత ఒక్కసారి తీస్తే గుర్తుంటోంది. నాన్న సంత ఇప్పటికీ గుర్తొస్తుంది, వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. నేను బాగుపడ్డానని ఊరంతా అంది, నేనూ అనుకున్నాను.

మొన్న ఒక పొద్దున యోగా ముగించుకుని వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. సమ్మక్క అరుగు మీద కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు.

"ఇయ్యాల లేవబుద్ధయితలేదయ్యా" అంది.

నేను పక్కన కూర్చున్నాను. "ఎన్నాళ్ళ సంది?" అన్నాను.

"నీకు బాగయిన కాడి సంది. అప్పటిదాక నాకు భయపడే తీరిక లేకుండె."

నేను వంకాయలు తరిగి పొయ్యి వెలిగించాను. కూర మాడింది. ఇద్దరం తిన్నాం. ఆ వారంలోనే దంతెవాడ వెళ్ళాం. పేషెంటు కుర్చీలో ఆమె కూర్చుంది, పక్క స్టూలు మీద నేను. డాక్టరు నన్నడిగిన ప్రశ్నలే ఆమెనూ ఒక్కొక్కటిగా అడిగాడు. చివరి ప్రశ్నకు ఆమె "లేదు" అనేదాకా నాకు ఊపిరి ఆడలేదు. అలసట ముదరకముందే వచ్చారన్నాడు. ఇప్పుడే టాబ్లెట్ వద్దు, నెలకోసారి వచ్చి మాట్లాడమన్నాడు. ఇప్పుడు పొద్దున మైదానానికి ఇద్దరం వెళ్తున్నాం.

జబ్బుపడి లేచినవాళ్ళకు నేను చెప్పేదొకటే. మిమ్మల్ని కాచుకున్న మనిషిని, నువ్వెట్లున్నవని అడగండి. "బాగనే ఉన్న" అంటారు. లేచి వెళ్ళిపోకండి. ఇంకాసేపు అక్కడే కూర్చోండి.