హవ్వ పేరు వద్దనడానికి నాగర్‌కర్నూలు దాకా

శనివారం ఉదయం ఏడున్నరకి గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కాను. మరునాడు నాగర్‌కర్నూలు చర్చిలో మా తమ్ముడి కూతురికి పేరు పెడతారు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. ఆ ప్రేమకొద్దీ పాపకి నా పేరే పెడతానంటున్నాడు. వద్దని చెప్పడానికే ఈ ప్రయాణం. నా పేరు హవ్వ. బడిలో ఎవరి లెక్క తప్పినా, ఎవరి లాగు చిరిగినా, పిల్లలు నా వైపు తిరిగి "హవ్వ!" అని నోరు నొక్కుకునేవాళ్ళు. ఆ బాధ పాపకెందుకు?

ఆడవాళ్ళకి బస్సు ఉచితమే గానీ ఆధార్ చూపించాలి. కండక్టర్ కార్డు చదివి, నవ్వు ఆపుకుంటూ జీరో టికెట్ కొట్టిచ్చాడు. నలభై ఏళ్ళొచ్చినా సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

పక్క సీట్లో ధరూర్ నుంచి వచ్చిన ముసలామె, ఒళ్ళో పల్లికాయల సంచి. అదంతా చూసి తన కార్డు తీసి నా చేతికిచ్చింది. హవాబీ అని ఉంది.

"నీదీ నాదీ ఒకటే పేరు బిడ్డా. తొలి ఆడమనిషి పేరు గది. బతుకు అని అర్థమని మా అబ్బా చెప్తుండె. నవ్వేటోళ్లకు తెల్వదు."

పెబ్బేరు దాటేదాకా కాయలు వొలిచి నా గుప్పిట్లో పోస్తూనే ఉంది. ఆ అర్థం మా పాస్టరూ ఒకప్పుడు చెప్పారు, అప్పుడు వినబుద్ధి కాలేదు. ఒక్క పేరు మసీదు ఇళ్ళలోనూ చర్చి ఇళ్ళలోనూ ఇంత దర్జాగా తిరుగుతోందంటే ముచ్చటేసింది. అయినా వద్దనాలనే అనుకున్నాను. నా పట్టు అలాంటిది.

తొమ్మిదింటికి వనపర్తి. ఇక్కడ బస్సు మారాలి. ఇడ్లీ, టీ కలిపి యాభై రూపాయలు, చట్నీ మంచి కారంగా ఉంది. పదకొండు దాటాక నాగర్‌కర్నూల్లో దిగాను.

తమ్ముడింటికి చేరేసరికి వాడి అత్తగారు ఎల్లమ్మ పాపకి నూనె రాస్తోంది. నేను మాట ఎత్తేలోపే ఆమే అందుకుంది.

"పాపకు అవ్వ అని పెడ్తున్నరంట గదా. మంచిగున్నది. తల్లి పేరు పెట్టుకుంటే ఎవరొద్దంటరు?"

ఆమె నోట 'హ' పలకదు. మా పాలమూరులో అవ్వ అంటే అమ్మే.

సరిదిద్దబోయాను. తమ్ముడు అడ్డొచ్చి, "ఆమె తప్పేం అన్లేదక్కా. నాకు అవ్వవు నువ్వే గద" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పాపని ఒళ్ళోకి తీసుకున్నాను, వద్దనే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం చర్చిలో పాపకి నా పేరే పెట్టారు. రెండింటికి తిరుగు బస్సు ఎక్కాను. కండక్టర్ ఆధార్ అడిగాడు. కార్డు ఇస్తూ నా పేరు నేనే చెప్పాను, బస్సంతా వినేలా.