మెదడు బొమ్మ, చిలకపచ్చ చీర

ఒకే ఒక్క ఎమ్మారై బొమ్మ చూసుకుని మురిసిపోయి, అత్తవారి బంధువులందరి ముందూ పరువెలా పోగొట్టుకున్నానో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. నా తోడికోడలు సరళ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

సరళ పెనుకొండలో మా అత్త దగ్గరే ఉంటుంది. అది పాట అందుకుంటే కుక్కర్ కూడా విజిల్ వేయడానికి మొహమాటపడుతుంది. ధర్మవరంలో మా ఆడబిడ్డ సీమంతానికి హారతి పాట పాడిన కోడలికి చిలకపచ్చ పట్టుచీర పెడతానని అత్త అంది. ఆ చీరను నా చేత్తో తడిమి చూశాను. అది సరళ ఒంటి మీద ఉన్నట్టు ఊహించుకుంటే నా కడుపు రగిలిపోయింది. దాచడమెందుకు, అసూయే.

నేను హిందూపురంలో ఒక స్కాన్ సెంటర్లో టెక్నీషియన్ని. అప్పుడే కొత్త మెషిన్ వస్తే, పనిచేస్తుందో లేదో చూడ్డానికి నా తలనే అందులో పెట్టారు. మా డాక్టరుగారు తెర మీద, చెవికి కాస్త పైన, మెదడు మడతలో దాక్కున్న చిన్న గట్టును చూపించారు. చెవిన పడ్డ శబ్దం మెదడు పైపొరలో ముందుగా చేరేది అక్కడికేనట. గట్టు వెనక ఒక గాడి అందరికీ ఉంటుందట. కొందరికి మాత్రం గట్టు నడుమ ఇంకో గాడి పడుతుందట. పక్కనుంచి తీసిన బొమ్మలో మామూలు గట్టు పుట్టగొడుగులా కనిపిస్తే, ఈ రెండో గాడి ఉన్నది గుండె గుర్తులా ఉంటుంది. నాది అచ్చం గుండె గుర్తే.

"సంగీతం వచ్చినవాళ్లలో ఇది కాస్త ఎక్కువంటారు. అలాగని ఇది ఉన్నవాళ్లంతా..." అని ఆయన ఇంకేదో చెబుతున్నారు. నేనప్పటికే మనసులో చిలకపచ్చ చీర మీదికి జాకెట్టు కుట్టించుకుంటున్నాను.

సీమంతం రోజు ఫోన్లో ఆ బొమ్మ తెరిచి అత్త ముఖం ముందు పెట్టాను.

"చూడత్తా, పాట నా తలకాయలోనే ఉండాది. దేవుడే గాడి చెక్కి పంపినాడు."

అత్త కళ్లజోడు సవరించుకుని "యాడ?" అంది. వేలు పెట్టి చూపించాను. సరళను కూడా పిలిచి చూపించాను, కాస్త ఏడవనీ అని. అది ఏడవకపోగా, "నీకు భలే ఉండాదక్కా, నువ్వే పాడు" అని హారతి పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టింది. అదే నా కొంప ముంచింది.

మొదటి చరణంలోనే నా గొంతు ఒక దారి, పాట ఒక దారి పట్టాయి. అయినా నేను ఆపలేదు, గాడి ఉంది కదా అన్న ధైర్యం. పేరంటాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆడబిడ్డ పొట్ట పట్టుకుని, "లోపల బిడ్డ తంతాండాది, నిలుపు వదినా" అని బతిమాలింది. చివరికి సరళే మెల్లగా అందుకుని పాటను ఒడ్డుకు చేర్చింది.

చీర ఎవరికి దక్కిందో వేరే చెప్పాలా? ఉక్రోషం ఆపుకోలేక అత్తను నిలదీశాను. నా తలలో గాడి ఉన్నమాట నిజమా, కాదా అని.

"నిజమే మే. ఆ తావు దేనికని చెప్పినాడు మీ డాక్టరు?"

"వినేదానికి" అన్నాను.

"మరి ఆ పక్కన కూచోని, సరళ పాడతాంటే విను."

ఆ హారతి పళ్లెం చల్లారకముందే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ తలకాయ బొమ్మ చూపించి గొంతుకు సిఫారసు చేయను. సరళ ఆ చీర కట్టినప్పుడల్లా నా కడుపు మండకూడదని మాత్రం ఏ ఒట్టూ పెట్టుకోలేదు.