మిద్దె మీద ఓడ రాడార్

కాకినాడ నుంచి ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను ముదిగుబ్బలో మా ఇంటి ముందు కూర్చుని విత్తనానికి శెనక్కాయలు వలుస్తున్నాను.

"రాడార్ చచ్చిపోయిందండీ బాబూ! తెర మీద ఏమీ రావట్లేదు. ఇంక మీరే దిక్కు" అన్నాడు అవతలి బోటు యజమాని.

సముద్రానికి ఇంత దూరంలో ఉండేవాడికి ఇలాంటి ఫోన్లేమిటని మా ఊళ్లో అందరికీ అనుమానమే. నేను చాలా ఏళ్లు ఓడల్లో రాడార్లు, వైర్‌లెస్ సెట్లు బాగుచేసే ఉద్యోగం చేశాను. మానేసి ఇంటికొచ్చినా తీరంలోని పాత పరిచయాలు నన్ను వదల్లేదు. కంపెనీలు పాత రాడార్లకు విడిభాగాలు చేయడం ఆపేస్తాయి, పాత బోట్లు మాత్రం వేటకు పోవడం ఆపవు. అందుకని ఎక్కడెక్కడి పాత సామానో వెతికి తెచ్చి మా ఇంట్లో దాచిపెడుతుంటాను. మా దగ్గర వస్తువులు తుప్పు పట్టవు. తుప్పుకైనా కాసింత తేమ కావాలి కదా.

ఆయనకు కావలసింది మాగ్నెట్రాన్. రాడార్ బయటికి పంపే తరంగాలు పుట్టేది అందులోనే. అరచేతిలో పట్టే వస్తువు, రెండు పక్కలా బలమైన అయస్కాంతాలుంటాయి. అది పోతే రాడార్‌కు కళ్లు పోయినట్టే. ఆ రకం ఇప్పుడు చేయడం లేదు, కొత్త రాడార్ కొనుక్కోండని కంపెనీవాళ్లు చెప్పారట.

ఓడలు విరగ్గొట్టే రేవుల్లో నాకు తెలిసిన వ్యాపారులందరికీ ఫోన్ చేశాను. ఎవరి దగ్గరా లేదు. చివరికి ఒకాయన నాది ఏ ఊరని అడిగి పెద్దగా నవ్వాడు. అచ్చం అలాంటి రాడార్ ఒకటి పాత ఇనుములో కలిసి మా వైపే ఉన్న పామిడికి పోయిందట!

పామిడి గుజిరీ వ్యాపారిని అడిగితే, "ఆ పెద్ద రెక్కనా? దాన్ని కొత్తచెరువు పక్క పల్లెలో ఒకాయనకు ఇచ్చేస్తినే. మిద్దె మీద పెట్టుకున్నాడు. ఊర్లోకి పోతానే కనపడతాది" అన్నాడు.

నిజంగానే కనపడింది. రెండంతస్తుల మిద్దె మీద ఓడ రాడార్ రెక్క. నేను గేటు తీయగానే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆ ఇంటాయన ఒకప్పుడు సర్పంచి. మళ్లీ కావాలని చూస్తున్నాడు. మోటార్లు చుట్టే మేస్త్రీతో కరెంటు ఇప్పించుకుని, ఎవరైనా వస్తే స్విచ్చి వేస్తాడట.

"అన్నా, అది ఓడ మీద ఉండే రాడార్" అన్నాను.

"తెలుసప్పా. అది పెట్టినప్పటి నుంచి అవతల పార్టీవాళ్లు మా ఇంటి ముందర గట్టిగా మాట్లాడేది మానుకున్నారు. వాళ్ల మాటలన్నీ దాంట్లోకి వస్తాయని అనుకుంటాండారు."

"వస్తాయా?"

"వచ్చేదెందుకు? వస్తాయని వాళ్లు అనుకుంటే చాల్దా?"

తిరిగేది నాకు వద్దనీ, దాని కింది పెట్టెలో ఉండే చిన్న వస్తువు చాలనీ చెప్పాను.

"అది తీస్తే ఇంక ఉత్త రెక్కే కదప్పా మిగిలేది?"

"ఇప్పుడు కూడా ఉత్త రెక్కే అన్నా."

ఆయన కంగారుగా మెట్లవైపు చూశాడు. "మెల్లగా మాట్లాడు. కింద జనాలుండారు."

కాసేపు ఆలోచించి, గ్రీజు పెట్టి ఇంకా జోరుగా తిరిగేటట్టు చేస్తే ఇస్తానన్నాడు. జోరుగా తిరిగితే చూసేవాళ్లు ఫ్యాననుకుంటారు, నిదానంగా తిరిగితేనే భయపడతారు అన్నాను. ఆ సలహా ఆయనకు బాగా నచ్చింది.

కరెంటు తీయించి పెట్టె విప్పి మాగ్నెట్రాన్ బయటికి తీశాను. చూస్తానని ఆయన ముందుకు వంగాడు. నడుముకు వేలాడుతున్న బీగంచెవుల గుత్తి టపీమని వెళ్లి దానికి అతుక్కుంది.

"ఏమప్పా, ఇది నన్ను పట్టుకుంటాండాదే!"

ఇనుము తగిలితే ఆ అయస్కాంతం బలం తగ్గుతుంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన్ను కదలొద్దని బతిమాలి, ఒక్కొక్క చెవే విడదీశాను. ఆయనకు మాత్రం ఆశ పుట్టింది.

"ఇంత శక్తి ఉండేదాన్ని ఊరికే ఎట్లిచ్చేది?"

"ఇక్కడుంటే మీ బీగంచెవులు పట్టుకుంటుందన్నా. ఆ బోటులో ఉంటే మబ్బు కమ్మినప్పుడు ఒడ్డు ఎటుందో చూపిస్తుంది. అందులో మనుషులుంటారు."

ఆయన చెవుల గుత్తిని మళ్లీ నడుముకు సర్దుకున్నాడు. "సముద్రంలో దావ తప్పితే అడిగేదానికి ఎవురూ ఉండరు కదా" అన్నాడు. తర్వాత, "తీస్కపో" అన్నాడు.

పరీక్షకు నా దగ్గర అదే రకం పాత సెట్టు ఒకటుంది. చాలాకాలం పనిలేకుండా ఉన్న మాగ్నెట్రాన్‌ను ఒక్కసారిగా పనిలోకి దించకూడదు, మెల్లగా వేడెక్కనివ్వాలి. అలాగే చేసి స్విచ్చి వేశాను. తెర మీద మా కొండలు వచ్చాయి, కొండల మీది గాలిమరలు చుక్కలు చుక్కలుగా వచ్చాయి. నేను ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ చప్పుడుకు పక్కింటి చిన్నాయన వచ్చాడు. ఆ ఏడు వాన లేక ఆయన విత్తనాలు ఇంకా మూటల్లోనే ఉన్నాయి. యంత్రాన్ని అటూ ఇటూ చూసి, ఒక మీట కింద రాసిన అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"రెయిన్ అని రాసుండాదే! ఇది వాన మీటనా?"

"అవును చిన్నాయనా. ఇది తిప్పితే వాన పోతుంది."

వాన పడేటప్పుడు తెర మీద వచ్చే మరకలు పోతాయని నా ఉద్దేశం. చిన్నాయన ముఖం చూశాక గానీ నేనన్నదేమిటో నాకు తెలియలేదు.

"వాన పోతాదా? ఏందిరా నువ్వు చెప్పేది? ఎన్నాళ్లుగా ఉండాది ఈ మిషను నీ కాడ?"

సాయంత్రానికి వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. నేనెంత విడమరిచి చెప్పినా వినలేదు. అందరి ముందూ ఆ మీట సున్నాకు తిప్పాను. "ఇంకా తిప్పు" అన్నారు. సున్నా తర్వాత ఇంకేమీ ఉండదన్నాను. చిన్నాయన నమ్మకుండా దాని మీద ప్లాస్టరు అంటించి, గట్టిగా అదిమిపెట్టి వెళ్లాడు.

మర్నాడు మబ్బులు వచ్చాయి. అందరూ నా వైపు మర్యాదగా చూశారు. అవి అలాగే దాటుకుని ఎటో వెళ్లి కురిశాయి. అందరూ మళ్లీ మామూలుగా చూశారు.

మాగ్నెట్రాన్‌ను కొయ్య పెట్టెలో దూది మధ్య పెట్టి, ఇనుము దగ్గరికి రానివ్వొద్దని పెట్టె మీద రాసి కాకినాడకు పంపాను. ఎలా బిగించాలో ఫోన్లో చెప్పాను. తర్వాత కొన్నాళ్లకు బోటాయన మళ్లీ ఫోన్ చేశాడు. నడి సముద్రంలో మబ్బు కమ్మితే కుర్రాళ్లంతా దేవుడికి దండాలు పెడుతుంటే, తను మాత్రం తెర చూసుకుంటూ బోటును రేవులోకి తెచ్చాడట.

కృతజ్ఞతగా ఒక మూటెడు ఎండుచేపలు బస్సులో పంపాడు. బస్టాండుకు వెళ్లి తెచ్చుకుందామని చెప్పులు వేసుకుంటున్నాను. ఈలోగా కండక్టరే ముక్కుకు కండువా కట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మూటను గడప ముందు దించాడు.