ఒత్తులు నిలిచే సాఫ్ట్‌వేర్

మదనపల్లెలో మాది చిన్న డీటీపీ సెంటరు. టైపింగ్ మా ఆవిడది, పేజీలు కట్టడం నాది. కొత్త ఫాంటు ఏదొచ్చినా ఆమె మొదట కొట్టే వాక్యం ఒకటే: "బువ్వ తిన్నావాప్పా". పెళ్లయిన కొత్తలో నేను కీబోర్డు నేర్పిస్తూ తిండి సంగతే మరిచిపోతే, ఆకలి తట్టుకోలేక ఆమె కొట్టిన వాక్యమది. మూడు ఒత్తులూ సరిగ్గా పడితే ఫాంటు పాసయినట్టు.

పుంగనూరు దగ్గరి ఒక పాల సంఘం ఏటేటా తన వార్షిక నివేదిక మాకే ఇస్తుంది. అరవై పేజీలు. పోయినేడు అంతా అయ్యాక సంఘం అధ్యక్షురాలు మధ్యలో రెండు పేజీలు చేర్చమంది. చేర్చాను. విషయసూచికలో అంకెలు మార్చడం మాత్రం మరిచాను, నా బుద్ధి మండిపోను! "మనల్ని విడిచి వెళ్లిన సభ్యులు" అన్న పేజీ తీస్తే, బహుమతి గెలిచిన ఆవులు కనిపించాయి. మీటింగులో అందరూ నవ్వారట. చనిపోయిన ఒక సభ్యుడి భార్య మాత్రం పుస్తకం మూసేసి లేచి వెళ్లిపోయిందట. అది విన్నాక నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక ఆ పాత సాఫ్ట్‌వేర్ వద్దనుకున్నాను. కుప్పంలో గ్రానైట్ కంపెనీకి కేటలాగులు చేసే స్నేహితుడి దగ్గరికి పోయి చూశాను. అతను వాడే కొత్త సాఫ్ట్‌వేర్‌లో మధ్యలో పేజీ చేరిస్తే అంకెలూ, సూచికా వాటంతటవే సర్దుకుంటున్నాయి. బస్సులో వస్తూనే అదే కొనాలని ఖాయం చేసుకున్నాను. మా ఆవిడను ఒక మాట అడగాలని కూడా తోచలేదు.

"కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకుంటాండా. పాత ఫాంట్లు దాంట్లో పనికిరావు. యూనికోడ్‌లో కొట్టాల. కీబోర్డు వేరే ఉంటాది" అన్నాను, చెప్పులు కూడా విడవకుండా.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. "అయితే ఈడ నాకింక పనేముండాది?"

"నేర్చుకుంటే వస్తాది లే."

"యాడొస్తాదప్పా? ఏ అచ్చరం యాడుండాదో నా వేళ్లకు తెలుసు, నాకు తెలీదు."

నిజమే. ఏ అక్షరానికి ఏ కీ అని ఎవరైనా అడిగితే, గాల్లో వేళ్లాడించి చూసుకుని చెబుతుంది.

రెండు రోజులు నా వైపు తిరగకుండా టైపు కొట్టుకుంది. నేను కొత్తదాని ట్రయల్ కాపీ ఎక్కించి, పోయినేటి నివేదికను యూనికోడ్‌లోకి మార్చి దాంట్లో పోశాను. ఒత్తులన్నీ ఊడిపోయాయి! 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అయింది, 'కుప్పం' కాస్తా 'కుప్‌పం'. స్నేహితుడికి ఫోన్ చేస్తే, వాళ్లవన్నీ ఇంగ్లీషు కేటలాగులే, తెలుగు సంగతి తనకూ తెలియదన్నాడు. కోపమంతా మౌస్ మీద చూపించాను.

వెనక నుంచి పకపకా నవ్వు వినిపించింది. "ఏమప్పా, ఒత్తులన్నీ రాల్చేసినావే! జరుగు." ఒక్కో మెనూ ఓపిగ్గా తెరిచి చూసింది. భారతీయ భాషల కోసం ఒక అమరిక ఉంది. అది నొక్కగానే ఒత్తులన్నీ వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి.

"ఇదే తీసుకో" అంది మెల్లగా. "ఈసారైనా, పుస్తకం మూసేసిన ఆయమ్మ మాదిరి ఎవరన్నా పేజీ తీస్తే వాళ్ల మనిషే కనపడాల."

తన కుర్చీ పోతుందని తెలిసే అంది ఆ మాట. నాకు చచ్చేంత సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి వెతకడం మొదలుపెట్టాను. పాత కీల వరుసలోనే యూనికోడ్ కొట్టుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి దొరికి, ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమెను పిలిచి కుర్చీ ఇచ్చాను. "కొట్టి సూడు."

భయపడుతూనే వేళ్లు పెట్టింది. 'బువ్వ తిన్నావాప్పా'. ప్రతి అక్షరమూ ఆమె వేళ్లకు తెలిసిన చోటే ఉంది. ఒక్క ఒత్తు కూడా రాలలేదు.

"పాసయిపోయింది!" అని అరిచాను.

ఆమె స్క్రీన్ వైపు చూడనే లేదు. "నేనడగతాండేది నిన్నప్పా, ఫాంటును కాదు" అంది.