కరెంటు లేని సైరన్

ఇది జరిగినప్పుడే రాసి పెట్టుకోవాలని ఉండేది. కానీ అప్పుడు నాకు రాయడం రాదు. అంకెలు మాత్రం తెలుసు. బస్సు నంబర్లు, ఫోను నంబర్లు, మీటర్ల మీద పడే నంబర్లు చదివేదాన్ని. మా కాలనీ మహిళా సంఘం వాళ్లు సాయంత్రం బడి పెట్టాక, ఒకటో తరగతి పిల్లల పుస్తకం ముందు పెట్టుకొని అక్షరాలు నేర్చుకున్నాను.

అంతవరకూ నోటితోనే చెప్పాను. విన్నవాళ్లు తలా ఒక ముక్క కలిపి ఇంకొకరికి చెప్పారు. ఆఖరికి మా వీధిలో అది తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కథ అయి కూర్చుంది. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. ఇందులో తెల్లచీర లేదు.

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మాది నల్లగొండ దగ్గర పల్లె. పూనకం వచ్చి ఊగుతున్నవాళ్ల పక్కనే కూర్చొని కడుపునిండా అన్నం తిన్న మనిషిని. హయత్‌నగర్‌లో మొదట కిరాయికి దిగిన ఇంట్లో ఎవరో ఉరేసుకున్నారని చెప్తే, అందుకే ఇల్లు దొరికిందని సంతోషపడ్డాను. ఇది చదివేవాళ్లు ముందు ఆ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

హయత్‌నగర్ దాటి, హైవే నుంచి కొంచెం లోపలికి పోతే ఒక బట్టల రంగుల యూనిట్ ఉండేది. నేను అందులో పనిచేసేదాన్ని. రంగులు వేయగా మిగిలిన నీళ్లన్నీ ముందు ఒక లోతైన సంపులో చేరతాయి. అక్కడి నుంచి వేరే ట్యాంకుల్లోకి పోయి శుభ్రమై బయటికి పోతాయి. ఆ నీళ్లు ఎట్లా ఉన్నాయో చూడటానికి మీటర్లు పెట్టారు. నీళ్లలో కడ్డీలు మునిగి ఉంటాయి. వాటి వైర్లు మీటర్ల గదిలో ఉన్న ప్యానెల్‌కు పోతాయి. ప్యానెల్ మీద పచ్చటి అంకెలు వెలుగుతాయి. అవే అంకెలు ఇంటర్నెట్‌లో కాలుష్యం చూసే ఆఫీసుకు కూడా పోతుంటాయి. అంకె హద్దు దాటితే సైరన్ మోగుతుంది.

ఈ మీటర్లన్నిటికీ ఆపరేటర్ మూర్తి గారు. ఆంధ్ర నుంచి వచ్చి మూసారాంబాగ్‌లో స్థిరపడ్డ మనిషి. ఆయన కడ్డీలు పైకి లాగితే, వాటికి పట్టిన పాచిని కడగడం నా పని. పీహెచ్ కడ్డీ చివర గోలీకాయంత గాజు బుడ్డి ఉంటుంది. "గట్టిగా రుద్దకమ్మా అండాలూ, పసిపిల్ల కంట్లో నలుసు తీసినట్టు తుడవాలి" అనేవారు. అంకె ఏడు దగ్గర నిలబడితే నీళ్లు బాగున్నట్టు అని కూడా ఆయనే చెప్పారు. ఏడు కనబడితే నాకే పరీక్ష పాసైనట్టు ఉండేది.

ఆయనకు కేకలు వేయడం ఇష్టం ఉండేది కాదు. సంపు గట్టు మీద ఒక స్తంభం ఉంది. సైరన్ పనిచేస్తుందో లేదో చూసే బటన్ దానికి ఉండేది. నన్ను పిలవాలంటే ఆ బటన్ రెండుసార్లు చిన్నగా, ఒకసారి సాగదీసి నొక్కేవారు. నేను ఎక్కడున్నా "ఒస్తున్న సార్" అనుకుంటూ సంపు దగ్గరికి ఉరికేదాన్ని. "అండాలక్కకు గంట కొట్టిన్రు" అని అందరూ నవ్వేవాళ్లు.

ఇది జరిగిన ఏడాది ఎండాకాలంలో మూర్తి గారు ఇంట్లో నిద్రలోనే పోయారు. మా తమ్ముడు యాదగిరి అంతకుముందే ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. అమ్మ పోయినప్పుడు వాడింకా నడక నేర్వలేదు, నేనే పెంచాను. మీటర్ల పని వాడికి అప్పజెప్పారు. వాడు సైరన్ కొట్టడు. నోరు తెరిచి "అక్కా" అంటే హైవే దాకా వినబడుతుంది.

మహర్నవమి వచ్చింది. మా యూనిట్లో ఆయుధ పూజ అంటే సుత్తెలు, స్పానర్లు మాత్రమే కాదు, మీటర్లకు కూడా పూజ. ముందురోజే యూనిట్ ఆపేశారు. పొద్దున్నే యాదగిరి కడ్డీలన్నీ నీళ్లలో నుంచి పైకి తీశాడు. నేను కడిగాను. ప్యానెల్‌ను తడిగుడ్డతో తుడవాలి కాబట్టి మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి, లోపలి బ్యాటరీ కూడా తీశారు. అన్నీ పీట మీద వరసగా పెట్టి పసుపు కుంకుమలు పెట్టాం. సైరన్‌కు బంతిపూల దండ వేశాం.

ఆ పీట మీద చేతిలో పట్టుకునే గ్యాస్ మీటర్ కూడా ఉంది. సంపులోకి ఎవరైనా దిగాలంటే ముందు దాన్ని తాడుతో లోపలికి దించి చూడాలి. నిలవున్న రంగునీళ్ల అడుగున గ్యాస్ చేరుతుంది. కొద్దిగా ఉంటే మురిగిన గుడ్డు కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కుకు ఏమీ తెలియదు, మనిషి పడిపోతాడు. మూర్తి గారు ఉన్నప్పుడు ఆ మీటర్ చూడకుండా ఎవరినీ దిగనిచ్చేవారు కాదు.

మా వాచ్‌మన్ జంగయ్యకు భక్తి ఎక్కువ. కొబ్బరికాయ కొట్టగానే అందరికీ చెప్పాడు. "బొట్టు పెట్టిన సామాన్ను రేపు పొద్దుగాల దాక ఎవ్వలు ముట్టొద్దు. తల్లి గూసున్నది."

"నీ డ్యూటీ టార్చిలైట్ గూడ పెట్టినవ్ గద పెద్దయ్యా. రాత్రికి ఎట్ల?" అన్నాడు మావాడు.

"రాత్రికి తల్లే సూస్కుంటది, నువ్వు నోర్మూస్కో."

అందరూ నవ్వారు. పూజ అయిపోయింది. సూపర్‌వైజర్ శేఖర్ సార్ ప్రసాదం తీసుకొని ఆఫీసు గదికి పోయాడు. నేను మీటర్ల గదిలో కొబ్బరి చిప్పలు ఏరుతూ, కింద పడ్డ పూలు ఊడుస్తున్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

అప్పుడు బయట ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. యాదగిరి గట్టు తుడుస్తుంటే, ఒక కడ్డీ తొడుగు చేయిజారి సంపులో పడింది. నీళ్లు అడుగున కొన్నే ఉన్నాయి. తొడుగు పైకి కనబడుతూనే ఉంది. ఇట్లా దిగి అట్లా తీసుకొద్దాం అనుకున్నాడు. గ్యాస్ మీటర్ గుర్తొచ్చింది. కానీ అది పూజలో ఉంది, ముట్టొద్దన్నారు. ఒక్క నిమిషం పనికి పూజ కదిలించడం ఎందుకని, ఎవరికీ చెప్పకుండా ఇనుప నిచ్చెన పట్టుకొని దిగాడు.

గదిలో నాకు ఇవేమీ తెలియవు. చీపురు చేతిలో ఉంది.

సైరన్ మోగింది.

రెండుసార్లు చిన్నగా. ఒకసారి సాగదీసి.

భయపడలేదు. ఆ మాట ఒట్టేసి చెప్తాను. చీపురు పడేసి, "ఒస్తున్న సార్" అని సంపు దగ్గరికి ఉరికాను. ఎన్ని వందలసార్లు ఉరికిన దారో అది! కాళ్లే తీసుకుపోయాయి. గట్టు ఎక్కేదాకా మూర్తి గారు లేరన్న సంగతే నాకు తట్టలేదు. ఎక్కి చూస్తే స్తంభం దగ్గర ఎవరూ లేరు.

కిందికి చూశాను. నిచ్చెన పైమెట్ల దగ్గరే మా తమ్ముడి తల. పైకి వస్తూ వస్తూ ఆగిపోయినట్టున్నాడు. ఒక చేయి మెట్టులో ఇరుక్కొని ఉంది. మెడ వాలిపోయింది. "యాదిగా" అంటే పలకలేదు.

దిగొద్దని నాకు తెలుసు. గట్టు మీద బోర్లా పడుకొని, వాడి కాలర్ రెండు చేతులతో పట్టుకొని అరిచాను. ఆ అరుపు నాదేనా అని ఇప్పటికీ ఆశ్చర్యమే. జంగయ్య వచ్చాడు, శేఖర్ సార్ చెప్పుల్లేకుండా వచ్చాడు. ముగ్గురం కలిసి చంకల కింద చేతులేసి లాగాం. గాలి తగిలేచోట పడుకోబెట్టాం. వాడు దగ్గాడు. మళ్లీ దగ్గాడు. కక్కుకున్నాడు. ఎవరైనా కక్కుకుంటే అంత సంతోషపడటం నాకు అదే మొదలు!

శేఖర్ సార్ కారులో ఎల్‌బీ నగర్ దవాఖానకు తీసుకుపోయాం. ఇంకాసేపు ఆలస్యమైతే చేయి జారి అడుగున పడేవాడని డాక్టర్ అన్నాడు. ఆ రాత్రికి ఉంచుకున్నారు.

నేను చెప్పగలిగిన సాక్ష్యాలు ఇవి. సైరన్ నేనొక్కదాన్నే వినలేదు, జంగయ్య కూడా విన్నాడు. "కరెంటొచ్చిందనుకున్న" అన్నాడు. యాదగిరికి తల తిరిగిన దగ్గర్నుంచి ఏమీ గుర్తులేదు. మేం దవాఖాన నుంచి ఫోన్ చేస్తే, జంగయ్య పోయి చూసి చెప్పాడు. ఫ్యూజులు పీట మీదే ఉన్నాయి, బ్యాటరీ బొట్టుతో సహా పీట మీదే ఉంది. మెయిన్ ఆపే ఉంది.

పండగ అయ్యాక మీటర్ల కంపెనీ ఇంజినీరు వచ్చి ప్యానెలంతా విప్పాడు. యాదగిరి పైకి వస్తూ బటన్ నొక్కాడేమో అన్నాడు. స్తంభం నిచ్చెనకు అందనంత దూరంలో ఉంది. షార్ట్ అయ్యుంటుంది అని, మళ్లీ తనే నవ్వాడు. "కరెంటే లేకుండా షార్ట్ ఏందమ్మా, నా మాటకు నాకే నవ్వొస్తుంది." ఇంటర్నెట్‌లోకి పోయే లెక్కల్లో ఆ రోజంతా ఖాళీ. అన్నీ పట్టిచూపే యంత్రాలు దాన్ని మాత్రం పట్టలేదు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. ఆ మోత ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరైనా చెప్తే వింటాను.

తర్వాతి సంగతులు ముందే చెప్పేశాను. ఆ మర్నాడు పొద్దున ఏం చేశానో చెప్పి ఆపేస్తాను.

ఆ రోజు దసరా. పొద్దున్నే యాదగిరిని దవాఖాన నుంచి పంపించేశారు. ఇంటికి పోదామన్నాడు. నేను ఎల్‌బీ నగర్ చౌరస్తాలో జమ్మి ఆకు కొని, వాణ్ని మెట్రో ఎక్కించాను. జమ్మి సాయంత్రం పంచుకుంటారు. నాకు సాయంత్రం దాకా ఆగడం చేతకాలేదు. మూసారాంబాగ్‌లో దిగి మూర్తి గారి ఇంటికి పోయాం.

ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు తలుపు తీశారు. "ఏంటమ్మా అండాలూ, పండగపూట ఇంత పొద్దున్నే? ఈ అబ్బాయేంటి ఇలా నీరసంగా ఉన్నాడు?"

జమ్మి ఆకు ఆమె చేతిలో పెట్టి కాళ్లకు మొక్కి, మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె గోడ మీద మూర్తి గారి ఫొటో వైపు తిరిగారు.

"ఏమండీ, ఉన్నన్నాళ్లూ ఒక్క పండక్కి సెలవు పెట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు కూడా డ్యూటీయేనా?"

కళ్లనీళ్లు కారుతుండగానే నవ్వారు. నేనూ నవ్వాను, ఏడ్చాను, ఏది ఎప్పుడో తెలియదు.

పొయ్యి మీద గారెలు వేస్తున్నారు. ఇద్దరికీ ప్లేట్లలో పెట్టారు. యాదగిరి మెల్లగా తింటున్నాడు. చొక్కా కింద ఛాతీ పైకి లేస్తోంది, దిగుతోంది.

"ఏందక్కా గట్ల చూస్తున్నవ్? తిననియ్యవా?"

"తినురా" అన్నాను. నా ప్లేటు పక్కన పెట్టి, వాడు ఊపిరి తీసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.