‘అన్నా’ అన్న నాయిక

ఆ రోజుల్లో నరసరావుపేట మొత్తం మీద ప్రేమ గురించి క్షుణ్ణంగా తెలిసిన మనిషిని నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ట్రైనింగు పూర్తిచేసి మిషన్ బడిలో మూడో తరగతి టీచరుగా చేరి ఇంకా ఏడాది కాలేదు. నేను ప్రేమించినవాడు ఎవడూ లేడు, ప్రేమించదగినవాడు కనుచూపు మేరలో లేడు (మా బడిలో ఉన్న ఒకే ఒక్క మగ టీచరుకు పెళ్ళాం, నలుగురు పిల్లలు, ఉబ్బసం). అయినా ప్రేమ నవల రాయటానికి ఇవేవీ నాకు అడ్డం కాలేదు. ఈత గురించి బాగా చెప్పేది ఎప్పుడూ గట్టున కూర్చున్నవాళ్ళే. నీళ్ళలో ఉన్నవాళ్ళకు మాట్లాడే తీరిక ఎక్కడుంటుంది?

అమ్మానాన్నలు బెల్లంకొండలో ఉండేవారు. పేటలో నేను మా పిన్ని ఇంట్లో ఉండి బడికి వెళ్ళేదాన్ని. బాబాయి ఆస్పత్రిలో కాంపౌండరు. మందును కొలిచినట్టే మాటను కూడా కొలిచి పోసేవాడు. పిన్ని సంగతి అందుకు పూర్తిగా తలకిందులు. వాళ్ళకు పిల్లలు లేరు, ఒక చారల పిల్లి మాత్రం ఉండేది. యుద్ధం రోజులు కావటంతో కాగితం దొరకటం గగనంగా ఉండేది. నవల రాస్తానంటే నాకు కాగితం ఎవరిస్తారు? అందుకని మా మూడో తరగతి పిల్లల పాత పరీక్ష కాగితాలు ఇంటికి తెచ్చుకుని, వాటి వెనకవైపు రాయటం మొదలుపెట్టాను. ఇటు తిప్పితే భాగహారాలు, అటు తిప్పితే నిట్టూర్పులు.

నా నవల పేరు ‘నాగులేటి మలుపు’. నాయిక గురజాల దగ్గర పత్తి రైతు కూతురు. నాయకుడు బాగా చదువుకుని కూడా సొంత బండి తోలుకుంటూ మాచర్ల వెళ్ళే పడుచువాడు (అంత చదువుకున్నవాడు బండి ఎందుకు తోలుతున్నాడని నన్ను అప్పుడూ ఎవరూ అడగలేదు, దయచేసి మీరూ అడక్కండి). నాగులేరు దాటేచోట అతని బండి దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది. నెత్తిన మూటతో వచ్చిన నాయిక ఆగి, ‘అన్నా, బండి కాస్త పక్కకు తియ్యవా?’ అంటుంది. అతను వెనక్కి తిరుగుతాడు. నాలుగు కళ్ళు కలుస్తాయి. ఆ తరువాత కన్నీళ్ళు, అపార్థాలు, ఒక విషజ్వరం, ఆఖరున పెళ్ళి. జ్వరం అధ్యాయం రాస్తూ నేనే వెక్కి వెక్కి ఏడ్చాను. అంత బాగా రాసినదాన్ని ఇంట్లో దాచుకోవటం లోకానికి అన్యాయం చేయటమేనని తోచి, మద్రాసు వారపత్రిక ఒకదానికి రిజిస్టరు పోస్టులో పంపించాను.

కొన్ని వారాల పాటు పోస్టు తాతయ్య కనిపిస్తే చాలు, బడిలో పాఠం ఆపేసి కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని. చివరికి ఒకనాడు ఆయన నా కట్టను నాకే తెచ్చిచ్చాడు. పైన ఎడిటరుగారి చీటీ ఉంది. ‘నవల ఆసక్తికరముగా నున్నది. అయితే మొదటి ప్రకరణమున నాయిక నాయకుని అన్నా అని సంబోధించినది. చివరి ప్రకరణమున అతనినే వివాహమాడినది. మా పాఠకులు దీనిని క్షమింపరు. ఆ సంబోధన మార్చి ఈ నెలలోగా పంపినచో ధారావాహికగా ప్రచురింపగలము. మరొక మాట. కాగితముల వెనుకనున్న భాగహారములు చాలవరకు తప్పులు.’

సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియలేదు. నాకూ అచ్చుకూ మధ్య అడ్డంగా ఉన్నది ఒకే ఒక్క మాట. ఇదెంత పని అనుకుని, చీటీ తీసుకువెళ్ళి పిన్నికి చదివి వినిపించాను. పిన్ని చేట కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

‘ఏందే, అన్నా అని పిలిచి వాణ్ణే కట్టుకుందా? నీకేం పొయ్యేకాలం?’

‘ఇక్కడ దారిన పొయ్యే మొగోళ్ళని అందరం అట్టానే పిలుస్తాం గదా పిన్నీ.’

‘పిలుస్తాం. పిలిచినోళ్ళని చేసుకోం.’

నా నవలకు వచ్చిన తొలి విమర్శ అది. ఆ తరువాత పేరున్న విమర్శకులు నా పుస్తకాల గురించి పేజీలకు పేజీలు రాశారు గానీ, ఇంత తక్కువ మాటల్లో ఇంత పని ఎవరూ చేయలేదు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. పల్నాటి పిల్ల ముక్కూ మొహం తెలియని పడుచువాణ్ణి ఏమని పిలవాలి? మధ్యాహ్నం పూట మా వాకిట్లో నాలుగిళ్ళ ఆడవాళ్ళు చేరి మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు. వాళ్ళకు పెద్ద మా పక్కింటావిడ. నాలుక అంత ఘాటు కాబట్టి ఆవిణ్ణి మిరపకాయత్త అనేవాళ్ళం. నేను ఆ అధ్యాయం ఒళ్ళో పెట్టుకుని, తొడిమలు తీస్తూ వాళ్ళ మధ్య కూర్చున్నాను. ‘ఏమండీ’ అని మార్చి చదివాను. అందరూ తొడిమలు వదిలేసి నవ్వారు. ‘మూడు ముళ్ళూ పడకముందే ఏమండీనా? ఆ పిల్లకి చానా తొందరగా ఉందే’ అంది మిరపకాయత్త. ‘బావా’ అని చదివాను. నవ్వు ఆగిపోయింది. ‘ఎవురో తెలియనోణ్ణి ఏట్లో నిలబడి బావా అందంటే, ఇంక ఆ పిల్ల సంగతి మా కాడ చదవబాక’ అని ఆవిడ మొహం తిప్పుకుంది. ‘ఏమయ్యా’ అంటే కూలోణ్ణి గదమాయించినట్టు ఉందన్నారు. ‘ఓయ్’ అంటే గేదెను అదిలించినట్టు ఉందన్నారు. ఆఖరికి నేను పట్టుదలకు పోయి, నా చదువంతా ఉపయోగించి ‘ఆర్యా’ అన్నాను. ‘ఎవురమ్మా ఆ ఆరయ్య? క్రోసూరోళ్ళ అబ్బాయా?’ అని ఒకామె ఎంతో మర్యాదగా అడిగింది.

చేతులు కళ్ళకు పెట్టుకున్నానేమో, మిరపకాయల మంట, అవమానం రెండూ కలిసి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. అయినా నేను వదిలే రకం కాదు. ఆదివారం గుడి అయ్యాక పాస్టరయ్యగారిని పక్కకు పిలిచి సంగతి విన్నవించాను (ప్రేమ నవల అని చెప్పలేదు, ‘ఒక వ్యాసం’ అన్నాను). ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, ‘సహోదరుడా అనొచ్చు గదమ్మా, సంఘంలో మనమందరం అంతే గదా’ అని ఆశీర్వదించి పంపారు. అన్నతో చస్తుంటే ఆయన తమ్ముళ్ళను కూడా కలిపారు. మా హెడ్మిస్ట్రెస్సు, ‘అసలు పిలవటం ఎందుకు? మర్యాదగా దగ్గితే సరిపోతుంది’ అన్నారు. ఇది నిజంగా బాగుందనిపించి, ఇంటికి పరుగెత్తుకువచ్చి ‘నాయిక సన్నగా దగ్గింది’ అని రాసి పైకి చదివాను. నులకమంచం మీద పడుకుని పేపరు చూసుకుంటున్న బాబాయి, పేపరు దించకుండానే ఒకే ఒక్క మాట అన్నాడు.

‘క్షయ.’

ఇంక నా వల్ల కాదని కాగితాల కట్ట పక్కన పడేసి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఒక్క పిలుపు కోసం నవల మొత్తం పోతున్నది. నాకు నిజంగానే దుఃఖం వచ్చింది. అచ్చులో నా పేరు చూసుకోవాలన్న కోరిక ఎంత లోతుగా నాటుకుపోయిందో ఆ పూట తెలిసింది. వంటింట్లో నుంచి పిన్ని బయటికి వచ్చింది. గుమ్మంలో ఒళ్ళు విరుచుకుంటున్న పిల్లిని చూసి నడుము మీద చెయ్యి పెట్టుకుంది. ‘ఏమే, అన్నం చల్లారిపోతందని తెలుసా నీకు? పేపరు రేపు కూడా ఉంటదని చెప్పు’ అంది. బాబాయి పేపరు మడిచిపెట్టి, లేచి కాళ్ళు కడుక్కోవటానికి వెళ్ళాడు.

నేను అట్లాగే నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి రోజూ వింటున్న మాటే అది. పిన్ని బాబాయిని ఏమని పిలుస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఏమనీ పిలవదు. చెప్పదలచుకున్నది పిల్లికి చెబుతుంది. పిల్లి లేకపోతే గోడకో, నీళ్ళ కాగుకో చెబుతుంది. వినవలసిన మనిషికి అది ఎట్లాగూ వినబడుతుంది. ఊరంతా తిరిగి వెతికిన పిలుపు మా వంటింటి గుమ్మంలో తోక ఆడిస్తూ కూర్చుంది.

ఆ పూట నేను అన్నం కూడా తినకుండా రాయటానికి కూర్చున్నాను. నాయిక మూట సర్దుకుని, బండివాడి వంక చూడకుండా ఎద్దు దగ్గరకు వెళ్ళింది. ‘ఏమయ్యా ఎద్దయ్యా, మీ ఆసామికి చెవులుంటే బండి కాస్త పక్కకు తియ్యమని చెప్పు’ అంది. బండివాడు ఊరుకుంటాడా? ‘ఒరే గిత్తా, అడిగేదెవురో చెప్తే తీస్తామని చెప్పరా’ అన్నాడు. అంతే, ఇంక నేను రాయలేదు, వాళ్ళే మాట్లాడుకున్నారు. మూడు అధ్యాయాల దాకా ఇద్దరూ ఎద్దు ద్వారానే పోట్లాడుకున్నారు, ఎద్దు ద్వారానే క్షమాపణలు చెప్పుకున్నారు. విషజ్వరం కూడా తీసేశాను. దాని అవసరం కనిపించలేదు. మర్నాడు వాకిట్లో చదివితే మిరపకాయత్త చివరి దాకా విని, ‘ఇప్పుడు ఆ పిల్లని మా ఇంటికి చేసుకోవచ్చు’ అంది. అదే రోజు కట్ట కట్టి మద్రాసు పంపించాను. ఎడిటరుగారి నుంచి కార్డు వచ్చింది. ‘ఎద్దు బాగున్నది. ప్రచురించుచున్నాము. భాగహారములు ఇంకను తప్పులే.’

మొదటి భాగం అచ్చయిన పత్రిక వచ్చిన నాడు నేను నడిచానో, ఎగిరానో చెప్పలేను. అచ్చులో నా పేరు ఎంత అందంగా ఉందో చూడమని పిల్లలకు, హెడ్మిస్ట్రెస్సుకు, పోస్టు తాతయ్యకు చూపించాను. ఇవాళ్టికీ నాకు ఆ గర్వం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. సాయంత్రం వాకిట్లో అందరినీ కూర్చోబెట్టి గొంతెత్తి చదివాను. ఎద్దు మాట వచ్చేసరికి ఆడవాళ్ళంతా ఒక్కసారిగా పిన్ని వైపు చూసి, చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంతకుముందు వాళ్ళకు తట్టనిది, అచ్చులో వచ్చేసరికి తట్టింది. పిన్ని మొహం ఎర్రబడింది. ‘ఇంట్లో మాటలు మద్రాసు దాకా మోసినావంటే’ అని నా వంక చూసి, మిగతా మాట మింగేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు భయం వేసింది. నా నవల అచ్చయింది గానీ, పిన్ని ఇంక ఈ ఇంట్లో నోరు విప్పదేమోననిపించింది. అమ్మలక్కలు ఒక్కొక్కరే జారుకున్నారు. మంచం మీద బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టాడు. తరువాత పిల్లిని చేరదీసి, దాని వీపు నిమురుతూ, వంటింట్లోకి వినబడేలా అన్నాడు.

‘ఏమే పిల్లీ, ఇన్నేళ్ళల్లో నేను ఒక్క పూట కూడా చల్లారిన అన్నం తినలేదని చెప్పు మీ అమ్మకి.’

ఆయన పిల్లితో మాట్లాడటం నేను వినటం అదే మొదలు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

‘ఆ పిల్లికి చెవుడు’ అంది పిన్ని లోపలి నుంచి. ‘ఎవురన్నా ఎదురుగా వచ్చి చెప్తే వింటా.’

బాబాయి పిల్లిని కింద దించి, కండువా సర్దుకుని లోపలికి వెళ్ళాడు. నేను పత్రిక ఒళ్ళో పెట్టుకుని, చెవులు రిక్కించి కూర్చున్నాను. గుసగుసగా ఏదో ఒక్క మాట అన్నాడు. ఆపైన పిన్ని నవ్వు వినబడింది. అంతకుముందు ఎప్పుడూ విననంత చిన్న పిల్ల నవ్వు.

ఆ తరువాత నేను రాసిన ప్రేమ నవలలతో బీరువా నిండిపోయింది. నా నాయికలు నాయకుల్ని రకరకాల పేర్లతో పిలిచారు, నాయకులు వాళ్ళను ఇంకా రకరకాలుగా పిలిచారు. పాఠకులు మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. పిన్నీ బాబాయీ పోయి చాలా కాలమైంది. ఆనాడు ఆ వంటింట్లో ఆయన ఆమెను ఏమని పిలిచాడో మాత్రం ఈ పెద్ద రచయిత్రికి ఇంతవరకూ తట్టలేదు. తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడల్లా, ఇప్పటికీ ఒక చెవి అటే పెడుతూ ఉంటాను.